నాన్న కారు వెనక యాక్సిల్: మూడు నంబర్లు, ఒక గొడవ

ఈసారి ఉత్తరం రాసినావిడ పేరు వద్దన్నారు. నాన్నగారు పోయి ఏడాది దాటింది. ఆయన వదిలి వెళ్ళినవాటిలో ఒక పాత కారు ఉంది. 1980ల నాటిది, వెనక చక్రాలు లాగే బండి, నాలుగు గేర్లు. దాన్ని ఇప్పుడు ఆవిడే నడుపుతున్నారు. హైవే ఎక్కితే ఇంజిన్ హోరు భరించలేనంతగా ఉంది. తమ్ముడు ఓనర్స్ మాన్యువల్ తిరగేసి, "ఈ మోడల్‌కి కంపెనీ ఇచ్చింది 3.08 రేషియో, నాన్న ఎప్పుడో గేర్లు మార్పించారు, నాకు గుర్తుంది, మళ్ళీ పాతదే వేయిద్దాం" అంటున్నాడు. (రేషియో అంటే వెనక చక్రాలు రెండూ ఒక చుట్టు తిరగడానికి, గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్ళే పొడవాటి కడ్డీ, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్, ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క.) అదే మాన్యువల్లో 3.73 కూడా ఆప్షన్‌గా ఉందని ఆవిడ వాదన. మెకానిక్ చూసి ఇప్పుడు ఉన్నది 3.73 అన్నాడు. ఎవరి మాటా నమ్మబుద్ధి కాక ఆవిడే ఒక వెనక చక్రాన్ని జాకీ మీద లేపి, ఒక్క చుట్టు తిప్పి, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో చూశారు. రెండుకి కొంచెం తక్కువ, 1.8 పైన వచ్చింది. అలాంటి రేషియో ఎక్కడా లేదే, యాక్సిల్ పాడైపోయిందా అని టెన్షన్. స్పీడోమీటర్ కూడా చెడిపోయిందంటున్నారు: టాప్ గేర్లో అది 100 చూపిస్తే ఫోన్లో జీపీఎస్ 83 చూపిస్తోంది, అప్పుడు టాకోమీటర్ (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో, అంటే ఆర్‌పీఎం, చూపేది) ముల్లు 2600 దగ్గర ఉంటోంది. టైర్లు 205/70 ఆర్14, డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్న సైజే. వీటన్నిటికంటే ఆవిడను బాధపెడుతున్నది ఇంకొకటి. నాన్నగారు బతికినంతకాలం "ఒక్క బోల్టు మార్చలేదు, నాకు వచ్చింది వచ్చినట్టే ఉంది" అనేవారట. "నాన్న అబద్ధం చెప్పారా, తమ్ముడు చెబుతున్నాడా?" అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ముందుగా మీ మనసుకి కాస్త ఊరట కలిగే మాట. యాక్సిల్ పాడవలేదు. స్పీడోమీటర్ కూడా చాలా మటుకు బాగానే ఉంది. మీ దగ్గరున్న మూడు నంబర్లూ, అంటే మీకు వచ్చిన 1.8, మెకానిక్ చెప్పిన 3.73, తమ్ముడు చెప్పిన 3.08, మూడూ నిజమే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. మీరు మూడు వేర్వేరు ప్రశ్నల్ని ఒకటే అనుకుని ముడేసుకున్నారు. ఇప్పుడు లోపల ఏ గేర్లున్నాయి అన్నది ఒకటి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఏవి ఉన్నాయన్నది రెండోది. మార్చింది ఎవరు, ఎప్పుడు అన్నది మూడోది. వీటిలో ఒకదానికి దొరికిన జవాబు ఇంకోదానికి పనికిరాదు. మీ ఇంట్లో గొడవంతా మొదటిదానికి దొరికిన జవాబుని మూడోదానికి అంటించడం వల్ల వచ్చింది.

మీకు వచ్చిన 1.8 సంగతి చూద్దాం. వెనక యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల అమరిక, డిఫరెన్షియల్, ఉన్నదే రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగడానికి. ఒక చక్రం నేల మీద కదలకుండా ఉండి, గాల్లో ఉన్నదాన్ని మీరు ఒక చుట్టు తిప్పితే లోపల క్రౌన్ వీల్ (షాఫ్ట్ తిప్పే పెద్ద గేరు) తిరిగేది అర చుట్టే. అంటే షాఫ్ట్ దగ్గర మీకు కనిపించింది అసలు రేషియోలో సగం. 1.8 పైన అంటే రెట్టింపు చేస్తే 3.6, 3.7 ప్రాంతం. మెకానిక్ మాటకి దగ్గరగానే వచ్చింది కదా. ఒకే చక్రం లేపినా అది తేలిగ్గా తిరిగిందంటే మీది మామూలు డిఫరెన్షియల్, లిమిటెడ్ స్లిప్ (రెండు చక్రాలూ మరీ వేర్వేరుగా తిరగకుండా పట్టి ఉంచే రకం) కాదు అని కూడా తెలిసింది. లిమిటెడ్ స్లిప్ అయితే రెండు చక్రాలనీ లేపాలి, రెండూ ఒకే వైపు తిరుగుతాయి, అప్పుడు ఒక చుట్టుకి వచ్చేదే పూర్తి రేషియో, సగం చేయడం, రెట్టింపు చేయడం ఏమీ ఉండదు.

ఇంకోసారి చేసేటట్టయితే ఒక్క చుట్టుతో ఆపకండి. చక్రం మీద, షాఫ్ట్ మీద చాక్‌పీసుతో గీత పెట్టి, చక్రాన్ని ఇరవై చుట్లు తిప్పండి. ఇరవై చుట్లకి క్రౌన్ వీల్ పది తిరుగుతుంది కాబట్టి షాఫ్ట్ 37 దాటితే 3.73, 35న్నర వస్తే 3.55, 31కి కాస్త తక్కువైతే 3.08. ఒక్క చుట్టులో పావు చుట్టు పొరపాటు చూపు పడితే లెక్క మొత్తం మారిపోతుంది, ఇరవైలో ఆ పావు పెద్ద తేడా కాదు. గేరు న్యూట్రల్లో ఉండాలి, హ్యాండ్ బ్రేక్ వదిలేయాలి, అందుకని ముందు చక్రాలకి రెండు వైపులా గట్టి అడ్డాలు తప్పనిసరి. మీరు రాసినదాన్ని బట్టి కారు జాకీ ఒక్కదాని మీదే నిలబెట్టి కింద తల పెట్టి చూసినట్టున్నారు. దయచేసి ఇంకెప్పుడూ అలా చేయకండి. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. యాక్సిల్ కింద స్టాండ్ పెట్టిన తర్వాతే, అదీ షాఫ్ట్‌ని చూసే మనిషి ఇంకొకరు ఉన్నప్పుడే.

ఇప్పుడు నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైనదిగా అనిపించిన వాక్యం, మీరు ఫిర్యాదులా రాసేసిన వాక్యం: స్పీడోమీటర్ 100, జీపీఎస్ 83, ఆర్‌పీఎం 2600. ఆ కాలం బళ్ళలో స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్స్ తోక భాగం నుంచి వస్తుంది. అంటే అది కొలిచేది చక్రం వేగాన్ని కాదు, ప్రొపెల్లర్ షాఫ్ట్ వేగాన్ని. షాఫ్ట్ ఇన్ని చుట్లు తిరిగితే చక్రం ఇన్ని తిరుగుతుందని ఫ్యాక్టరీలో లెక్కేసి, వెనక రేషియోకి, టైరు సైజుకి సరిపోయే చిన్న ప్లాస్టిక్ గేరు ఒకటి అక్కడ పెడతారు. తర్వాత ఎవరైనా వెనక గేర్లు మార్చి ఈ చిన్న గేరుని పట్టించుకోకపోతే, పాపం స్పీడోమీటర్ ఇంకా పాత రేషియోనే నమ్ముకుని చూపిస్తూ ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు కూడా.

మీ అంకెలతోనే లెక్క చేసి చూశాను. 205/70 ఆర్14 టైరు చుట్టుకొలత లెక్క ప్రకారం 2.02 మీటర్లు, బరువు మీద కాస్త నొక్కుకుంటుంది కాబట్టి 1.96 అనుకుందాం. నిజంగా 83 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి 1383 మీటర్లు, అంటే చక్రం సుమారు 706 చుట్లు. నాలుగు గేర్ల పెట్టెల్లో సాధారణంగా నాలుగోది నేరుగా ఒకటికి ఒకటి ఉంటుంది, అంటే ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగితే షాఫ్ట్ అన్నే తిరుగుతుంది కాబట్టి 2600ని 706తో భాగిస్తే 3.68. ముల్లు కాస్త అటూ ఇటూగా చదివి ఉంటారు, దగ్గరలో ఉన్న నిజమైన రేషియో 3.73. అదే స్పీడోమీటర్ చూపించిన 100ని నిజమనుకుని లెక్క వేయండి: చక్రం 850 చుట్లు, 2600ని భాగిస్తే 3.06. అంటే 3.08. జీపీఎస్ ఇప్పుడున్న రేషియో చెబుతోంది, స్పీడోమీటర్ పాత రేషియో చెబుతోంది. నిజంగానే ఆప్షన్ కింద ఫ్యాక్టరీలోనే 3.73 వేసి ఉంటే, దానికి సరిపోయే స్పీడో గేరు కూడా అక్కడే వేసి పంపేవాళ్ళు, ఇంత తేడా రాకూడదు.

స్పీడోమీటర్లు మామూలుగానే కొంచెం ఎక్కువ చూపిస్తాయి కదా అని మీకు అనిపించవచ్చు. నిజమే. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వది ప్రకారం అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదు, ఎక్కువైతే పది శాతం మీద ఇంకో 4 కిలోమీటర్ల వరకు పర్వాలేదు. ఆ కొలతతో చూసినా 83కి 95 దాకానే వెళ్ళాలి. మీది 100. టైరు చిన్నదైతే కూడా ఇలాంటి తేడా వస్తుంది, కానీ మీ టైర్లు స్టిక్కర్ సైజే కాబట్టి ఆ అనుమానం లేదు. అయినా ఇది బలమైన ఆధారమే తప్ప రుజువు కాదు, ఎందుకంటే ఎప్పుడైనా గేర్‌బాక్స్ మొత్తంగా ఇంకో బండిది వేసి ఉంటే ఆ స్పీడో గేరు ఇంకెవరి కథో చెబుతూ ఉండవచ్చు. అందుకని ఒక్క మాట: ఏ పని మొదలుపెట్టే ముందైనా ఆ ప్లాస్టిక్ గేరు తీయించి, పళ్ళు లెక్కపెట్టి, రంగుతో సహా ఫోటో తీసి పెట్టుకోండి. మెకానిక్ "ఇది మార్చేస్తే మీటర్ సరిపోతుంది" అని చకచకా మార్చేస్తే మీ సాక్షి పోతుంది.

రుజువు కావాలంటే కాగితమో, స్టిక్కరో, ముద్రో దొరకాలి. మీరు కారు ఏ కంపెనీదో రాయలేదు, కాబట్టి తెలిసినంతవరకు చెబుతాను. చాసిస్ నంబర్లోనే రేషియో ఉంటుందని చాలామంది అనుకుంటారు, సాధారణంగా ఉండదు. ఆ నంబరు పట్టుకుని కంపెనీ రికార్డు తీయించవచ్చు, అది వేరే సంగతి. ఫోర్డ్ అయితే డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద యాక్సిల్ అని ఒక గడి, దాని కింద ఒకటి రెండు అక్షరాల కోడ్ ఉంటుంది. జనరల్ మోటార్స్ బళ్ళలో 1980ల మధ్య నుంచి గ్లవ్ బాక్స్‌లోనో డిక్కీలోనో మూడక్షరాల కోడ్‌లతో నిండిన స్టిక్కర్ ఒకటి అంటించేవాళ్ళు, అందులో జీయూ4 అంటే 3.08, జీటీ4 అంటే 3.73. బీఎండబ్ల్యూ వాళ్ళు డిఫరెన్షియల్ మీదే బిళ్ళ పెడతారు, రేషియో ముందు ఎస్ అక్షరం ఉంటే లిమిటెడ్ స్లిప్. ఫోర్డ్ యాక్సిల్ కవర్ బోల్టు కింద కూడా ఒక చిన్న రేకు బిళ్ళ ఉంటుంది, దాని మీద 3 73 అంటే మామూలుది, మధ్యలో ఎల్ చేర్చి 3ఎల్73 అంటే లిమిటెడ్ స్లిప్. టయోటా వాళ్ళ ప్లేటు మీద గేర్‌బాక్స్, యాక్సిల్ కోడ్‌లు పక్కపక్కనే ఉంటాయి.

అయితే ఏది ఏం చెబుతుందో తెలుసుకుని చదవాలి. డోర్ స్టిక్కర్ బండి పుట్టినప్పటి సంగతి చెబుతుంది. యాక్సిల్ గొట్టం మీద ముద్ర, కవర్ మీద బిళ్ళ, ఇవి ఆ హౌసింగ్ (యాక్సిల్ బయటి గుల్ల) పుట్టినప్పటి సంగతి చెబుతాయి. హౌసింగ్ అదే ఉంచి లోపల గేర్లు మార్చినా ఆ బిళ్ళ పాత నంబరే చూపిస్తుంది, మొత్తం యాక్సిలే ఇంకో బండిది తెచ్చి వేసినా ఆ బండి నంబరే చూపిస్తుంది. ఇప్పుడున్న గేర్ల గురించి తిరుగులేని మాట చెప్పేది లోపలి క్రౌన్ వీల్ ఒక్కటే. దాని అంచు మీద దానివీ, షాఫ్ట్ చివర ఉండి దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌వీ పళ్ళ లెక్క చెక్కి ఉంటుంది: 41, 11 కనిపిస్తే 3.73, 40, 13 అయితే 3.08. వెనక కవర్ ఉన్న రకమైతే బోల్టులు తీసి చూడవచ్చు, కవర్ లేని పాత రకమైతే యాక్సిల్ షాఫ్ట్‌లు లాగి ముందు నుంచి మొత్తం ముద్ద దింపాలి, అది ఊరికే చూడటానికి చేసే పని కాదు. కవర్ తీసే రకమైనా సరే, ఆయిల్ పోసే బిరడా ఊడుతుందో లేదో ముందు చూసుకోండి. కవర్ తీసి ఆయిల్ అంతా కారిపోయాక ఆ బిరడా తుప్పు పట్టి కదలకపోతే కారు అక్కడే ఆగిపోతుంది. ఆ ఆయిల్ గ్రేడు కూడా మాన్యువల్లో చూసి అదే పోయించాలి. ఈ రకం గేర్లకి సాధారణంగా జీఎల్-5 అని రాసి ఉంటుంది.

ఇక మీ అసలు బాధ దగ్గరికి వస్తాను. ఉత్తరం మూడో పేజీలో, ఇంకేదో చెబుతూ మధ్యలో, ఈ కారుని మొదట ఇంకొకరు నాలుగేళ్ళు వాడిన తర్వాత నాన్నగారు వాళ్ళ దగ్గర కొన్నారని రాశారు. మీరు దాన్ని పట్టించుకోలేదు, నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఆయన అన్న మాటని ఒకసారి నిదానంగా చూడండి: "నాకు వచ్చింది వచ్చినట్టే ఉంది." కంపెనీ నుంచి వచ్చినట్టు అనలేదు. మొదటి యజమాని ఆ నాలుగేళ్ళలో బరువులు లాగడానికో, కొండ దారులకో 3.73 వేయించుకుని ఉంటే, మీ నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. మీ తమ్ముడికి గుర్తున్నదీ నిజమే కావచ్చు. చిన్న వయసులో షెడ్డులో కారు కింద నాన్న, గేర్లు అన్న మాట, గ్రీజు, ఇంతే గుర్తుంటుంది. అది పినియన్ బేరింగ్ మార్చిన రోజో, గేర్‌బాక్స్ దింపిన రోజో కావచ్చు. ఇవి నా ఊహలే, కానీ వీటిని పరీక్షించే దారి మీ చేతిలోనే ఉంది.

నాన్నగారు ప్రతి ప్రయాణానికీ మీటర్ రీడింగ్ డైరీలో రాసుకునేవారని, ఏటా సెలవులకి అమ్మమ్మగారి ఊరు కారులోనే వెళ్ళేవాళ్ళమని రాశారు. ఓడోమీటర్ కూడా స్పీడోమీటర్ కేబుల్ మీదే నడుస్తుంది. గేర్లు మారిన రోజు నుంచి అది ప్రతి వంద కిలోమీటర్లకీ 121 చొప్పున ఎక్కువ తిరుగుతూ ఉంటుంది. కాబట్టి అదే ఊరికి, అదే దారిలో వెళ్ళిన ప్రయాణాల రీడింగులు ఏడాది వారీగా ఒక కాగితం మీద వరసగా రాయండి. దారి నిజంగా 240 అనుకుంటే, కొన్నేళ్ళు 240 దగ్గర ఉండి ఒక్కసారిగా 290కి ఎగబాకితే, ఆ రెండు ప్రయాణాల మధ్యలో గేర్లు మారాయి, అంటే నాన్నగారి చేతిలో ఉండగానే, తమ్ముడి జ్ఞాపకం సరైనదే. మొట్టమొదటి డైరీలోనే 290 ఉంటే, కారు ఆయన చేతికి వచ్చేసరికే మారిపోయింది. అన్ని ఏళ్ళూ 240 దగ్గరే ఉంటే మార్పు చివరి ప్రయాణం తర్వాత జరిగినట్టు. అప్పుడు చివరి సర్వీసుల కాగితాలు వెతకాలి. పెట్రోలు పోయించినవి కూడా రాసి ఉంటే వాటితో మాత్రం మోసపోకండి, గేర్లు మారాక బండి నిజానికి ఎక్కువ తాగుతున్నా మీటర్ ఎక్కువ తిరగడం వల్ల కాగితం మీద మైలేజీ పెరిగినట్టు కూడా కనిపించవచ్చు.

ఈ పని మీరు ఒక్కరే చేయకండి, తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. మీరు ఒక్కరే లెక్క తీసి చూపిస్తే అది అతనికి ఇంకో వాదనలా వినిపిస్తుంది. మార్చింది నాన్నగారే అని తేలినా కంగారు పడకండి. వాహనం విషయంలో మనుషులు "ఒరిజినల్" అన్న మాటని చాలా వదులుగా వాడతారు, ఇంజిన్, బాడీ, రంగు మారకపోతే చాలు ఒరిజినలే అంటారు. ఆయన అబద్ధం ఆడారని దాన్ని బట్టి నేను అనను.

తర్వాత కారుని ఏం చేయాలి అన్నది. ఒక దారి, 3.73 అలాగే ఉంచి స్పీడో గేరు ఒక్కటి మార్పించడం. ఇప్పుడున్నదానికి 17 పళ్ళుంటే సుమారు 21 పళ్ళది కావాలి, అదే నిష్పత్తిలో మీ లెక్క చూసుకోండి. ఇది చిన్న పని, చవకైన పని. కారు ఇప్పటిలాగే చురుగ్గా కదులుతుంది, ఎత్తు మీద గేరు తగ్గించాల్సిన అవసరం తక్కువ. కానీ హైవే హోరు పోదు: నిజంగా 100లో వెళ్తే ఇంజిన్ 3170 దగ్గర తిరుగుతూనే ఉంటుంది. అయితే మీరు ఇన్నాళ్ళూ 120 అనుకుని నడిపింది నిజంగా 100 మాత్రమే, కాబట్టి అది తెలిశాక ఆ హోరు గురించి మీ అభిప్రాయమే మారవచ్చు.

రెండో దారి, తమ్ముడు అన్నట్టు 3.08కి తిరిగి వెళ్ళడం. 100లో ఇంజిన్ 2620కి దిగుతుంది, స్పీడోమీటర్ దానంతటదే సరిపోతుంది. దానికి బదులుగా కదిలేటప్పుడు క్లచ్ మీద భారం పెరుగుతుంది, నిండా మనుషులు ఉంటే ఎత్తు మీద మూడో గేరుకి తరచూ రావాలి. అన్నిటికంటే పెద్ద సంగతి పనితనం. క్రౌన్ వీల్, పినియన్ జతగా అరగదీసి తయారు చేస్తారు, ఒకటి ఒకచోటది, ఇంకోటి ఇంకోచోటది కలపకూడదు. పినియన్ ఎంత లోతులో ఉండాలి, పళ్ళ మధ్య ఎంత సందు ఉండాలి, బేరింగ్ ఎంత బిగువుగా ఉండాలి, ఇవన్నీ షిమ్ములతో (సందులో పెట్టే పలచటి రేకు ముక్కలు) కొలిచి కూర్చాలి. పళ్ళకి రంగు పూసి, తిప్పి, ముద్ర ఎక్కడ పడుతోందో చూపించమని అడగండి. చూపించలేని మనిషికి ఈ పని ఇవ్వకండి, ఎందుకంటే కుదరకపోతే ఇప్పుడున్న ఇంజిన్ హోరు పోయి వెనక నుంచి యాక్సిల్ ఊళ మొదలవుతుంది, దాన్ని సరిచేయాలంటే మళ్ళీ మొదటికి రావాలి. కొన్ని యాక్సిల్‌లలో రేషియో ఒక హద్దు దాటితే క్రౌన్ వీల్ బిగించే క్యారియర్ కూడా వేరేది కావాలి, డానా 44 అనే రకం యాక్సిల్‌లో ఆ హద్దు 3.73కి, 3.92కి మధ్య ఉంటుంది. మీ యాక్సిల్ ఏదో తేల్చుకుని ఆ సంగతి ముందే అడగండి. కొత్త గేర్లు పడ్డాక మొదట్లో చిన్న చిన్న ప్రయాణాలు చేసి మధ్యలో చల్లారనివ్వాలి, సుమారు 800 కిలోమీటర్లకి ఆయిల్ మార్చేయాలి. తీసిన 3.73 జతని మాత్రం పారేయకండి, నూనె పూసి, చుట్టి, చీటీ కట్టి దాచండి. అది ఎవరు వేయించిందైనా ఈ కారు చరిత్రలో భాగమే.

నన్ను అడిగితే, ఈ నెలలో గేర్ల జోలికి వెళ్ళకుండా ముందు డైరీలు తీస్తాను, తర్వాత డోర్ స్టిక్కర్ ఫోటో, ఆ తర్వాత ఇరవై చుట్ల లెక్క. ఇంకో చిన్న పరీక్ష కూడా చేయండి: హైవే మీద ఆ హోరు వస్తున్నప్పుడు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి. శబ్దం ఇంజిన్‌తో పాటు తగ్గితే అది రేషియో వల్ల వచ్చే హోరే. కాలు నొక్కినప్పుడు ఒకలా, తీసినప్పుడు ఇంకోలా వెనక నుంచి సన్నగా ఊళ వినిపిస్తే మాత్రం బేరింగో పళ్ళో అరిగి ఉండవచ్చు, అప్పుడు ఏ రేషియో కావాలని మీరిద్దరూ తేల్చుకునేదాకా ఆగకుండా వెంటనే యాక్సిల్ విప్పించాలి. డైరీల్లో ఏం దొరికిందో, కారు ఏ కంపెనీదో మళ్ళీ రాయండి. డోర్ స్టిక్కర్ ఫోటో కూడా పంపితే ఆ కోడ్ అర్థం ఏమిటో చూసి చెబుతాను.